పాత టీవీ అట్టపెట్టె

పార్సిప్పనీ, న్యూజెర్సీ
జనవరి 18, 2025

విజయా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని మీ ఆయనకి చూపించి నవ్వకు కూడా. ముందు పూర్తిగా చదువు.

నేను నీకు ఫోన్ చేసేది ఆఫీస్‌కి వెళ్తూ కార్‌లోనే కదా. కార్‌లో అంటే స్పీకర్ మీద. పక్కన డ్రైవ్ చేస్తున్న మీ అన్నయ్య వినడమే కాదు, నిన్ను అడిగినదానికి మధ్యలో తను జవాబు చెబుతాడు. వాట్సాప్‌లో రాద్దామంటే నా ఫోన్ ఎప్పుడు చూసినా తార చేతిలో ఉంటుంది. ఉత్తరాల డబ్బా తాళం మాత్రం ఈ ఇంట్లో నా దగ్గరే ఉంది. అందుకని వదినా మరదళ్ళ రహస్యాలకి ఇదే మంచి దారి అని తేల్చుకున్నాను.

రహస్యం ఏమిటంటే, నాకు ఈ ఇంట్లో ఉండబుద్ధి కావడం లేదు.

మూడు నెలల ప్రాజెక్ట్ అని రెండు సూట్‌కేసులతో దిగిన ఇల్లు ఇది. అప్పటికి తార నా చంకలో ఉంది. ఇప్పుడు నా చెప్పులు దానికి బిగుతు. పై ఇంట్లో అదితి కూతురు దేదీప్య కూచిపూడి నేర్చుకుంటోంది. స్టేజ్ మీద ఎలా చేస్తుందో చూడలేదు గాని ప్రాక్టీస్ అంతా నా నెత్తి మీదే. పోపు వేస్తే చాలు, స్మోక్ అలారం కేకలు పెడుతుంది. ఆవాలు చిటపటలాడేలోపు మీ అన్నయ్య తువ్వాలు పట్టుకుని అలారం కింద నిలబడి విసరాలి. బట్టల బుట్ట మోసుకుంటూ బేస్‌మెంట్‌కి దిగితే మెషీన్‌లో ఎవరివో తడి బట్టలు. పొద్దున్నే కారు మీద మంచు గీకడం సరేసరి.

అన్నిటికన్నా నన్ను చంపేది హాల్లోని అలమర. కోట్లు పెట్టుకోవాల్సిన అలమర నిండా అట్టపెట్టెలే. టీవీ కొంటే దాని పెట్టె థర్మాకోల్‌తో సహా దాచాలంటాడు మీ అన్నయ్య. ‘మూవ్ అయినప్పుడు కావాలి కదా ప్రసూనా’ అంటాడు. ఆ టీవీ పోయింది. దాని అట్టపెట్టె ఉంది. కొత్త టీవీ పెట్టె వచ్చి దాని పక్కన చేరింది. మిక్సీది, రైస్ కుక్కర్‌ది, తార కార్ సీట్‌ది, అన్నీ ఉన్నాయి. మా కోట్లు మాత్రం కుర్చీల మీద ఉంటాయి.

మొన్న తార ఏదో బొమ్మ గీసి తెచ్చి, ‘అమ్మా, ఒక్క నెయిల్ కొట్టొచ్చా, ఒన్లీ వన్’ అంది. గోడ పాడైతే డిపాజిట్ రాదు, ఎలాగూ వెళ్ళిపోతాం కదా అని ఇంట్లో రోజూ అనుకునే మాటే చెప్పాం. అది బొమ్మని మంచం కింద పెట్టేసింది. మళ్ళీ అడగలేదు. ఆ రోజు నుంచీ నాకు మనసు మనసులో లేదు.

మీ వీధిలో గాని, మీ చుట్టుపక్కల గాని ఇల్లు అమ్మకానికి వస్తే నా చెవిన వెయ్యి. మీ అన్నయ్యకి ఇప్పుడే చెప్పకు. ‘గ్రీన్ కార్డ్ రానీ’ అంటాడు. ఆ కార్డ్ కోసం కూర్చుంటే మనవల బొమ్మలు కూడా మంచం కిందకే పోతాయి.

హంసికకి నా ముద్దులు. అన్నయ్యగారిని అడిగానని చెప్పు, ఉత్తరం సంగతి మాత్రం చెప్పకు.

నీ వదిన,
జ్ఞానప్రసూన


కమ్మింగ్, జార్జియా
ఫిబ్రవరి 4, 2025

వదినకి,

నీ ఉత్తరం మా ఆయన చేతికే దొరికింది. చేత్తో రాసిన కవరు చూసి ‘ఎవరి పెళ్ళి’ అని అడిగారు. మా వదిన ఊరగాయ కొలతలు రాసి పంపిందని చెప్పాను. ఇకనుంచి నెలకో ఊరగాయ అబద్ధం చెప్పాలి. నా పాపం నీ ఖాతాలో.

వదినా, నువ్వు ఈ మాట ఎప్పుడంటావా అని నేను ఎదురుచూస్తున్నాను. మీరు ఇద్దరూ ఎంత తెలివైన వాళ్ళైతే ఏం లాభం, మంచులో కూర్చుని తువ్వాళ్ళు విసురుకుంటున్నారు.

ఇప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకో. మా కుడిపక్క ఇల్లు అమ్మకానికి వస్తోంది. ఆ పెద్దవాళ్ళు కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారట. బోర్డు ఇంకా పెట్టలేదు, నాకు ముందే చెప్పారు. తూర్పు ముఖం. నువ్వు నమ్మవు గాని గరాజ్ పక్కన చిన్న వంటగది వేరే ఉంది, దానికి బయటికి కిటికీ. అందులో నువ్వు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా పోపులు వేసుకున్నా ఏ అలారమూ మోగదు. వెనక పెరట్లో గోంగూర వేసుకోవచ్చు. మా పెరట్లోది నీకు ఎలాగూ ఇస్తాను, అయినా నీకు నీ మడి ఉండాలి కదా. మధ్యలో కంచె లేదు. నేను చెప్పులేసుకునేలోపు నీ వంటింట్లో ఉంటాను.

ఇక్కడ అందరం బాగున్నాం. హంసిక ఓణీల ఫంక్షన్ ఏప్రిల్‌లో అనుకుంటున్నాం. మా ఆయన శనివారాలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏవో ఊళ్ళలో ఏవో ఇళ్ళ ఫోటోలు చూస్తుంటారు. కొందరికి క్రికెట్, ఈయనకి ఇది.

త్వరగా తేల్చు వదినా. ఈ ఎండాకాలం దాటనివ్వకు. ఎందుకని అడగకు, నాకు తొందరగా ఉంది, అంతే.

విజయశ్రీ


పార్సిప్పనీ
మార్చి 9, 2025

విజయా,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ నేను ఇక్కడ లేను. కూర తరుగుతూ ఆ గరాజ్ పక్క వంటగదిలో ఉంటున్నాను. ఆఫీస్ మీటింగ్‌లో మా మేనేజర్ అడిగినదానికి తలూపాను. తర్వాత తెలిసింది, ఈ నెల టెస్టింగ్ రిపోర్ట్ నాదే అని.

రిజర్వేషన్ అయిపోయింది. ఓణీల ఫంక్షన్‌కి నేనూ తారా వస్తాం. మీ అన్నయ్యకి ఆఫీస్‌లో ఆ వారమే సాఫ్ట్‌వేర్ రిలీజ్, రాలేడు. ఇంత మంచి రిలీజ్ నేనెప్పుడూ చూడలేదు. మేనకోడలికి మేనమామ ఇవ్వాల్సిన ఓణీ, లంగా నాతో పంపుతున్నాడు. ఆకుపచ్చ పట్టు, ఎర్ర అంచు. తనే వెళ్ళి తెచ్చాడు, నన్ను రానివ్వలేదు. పాపం మంచివాడేనే మీ అన్నయ్య. అట్టపెట్టెలు లేకపోతే ఇంకా మంచివాడు.

ఇక్కడ ఒక విశేషం. ఉండబట్టలేక అదితితో చెప్పాను, ‘మీ పాప చక్కగా చేస్తుందండీ, కాని చప్పుడు కాస్త’ అని. ఆవిడ అప్పటికప్పుడు సారీ చెప్పి కార్పెట్ తెప్పించింది. ఇప్పుడు పైన చప్పుడు లేదు. హాయిగా ఉందని మీ అన్నయ్యతో అన్నాను.

పోయిన వారం ఫోన్‌లో నీ గొంతు అదోలా ఉంది. జలుబన్నావు. నీకు జలుబు చేస్తే ఎలా మాట్లాడతావో నాకు తెలియదా. సరే, వచ్చాక చెబుదువులే.

ప్రసూన


కమ్మింగ్
ఏప్రిల్ 10, 2025

వదినా,

పనుల్లో ఉన్నాను, నాలుగు ముక్కలే రాస్తాను. పక్కింటి ఆవిడతో మాట్లాడాను, ఫంక్షన్ మర్నాడు మధ్యాహ్నం నువ్వు వచ్చి ఇల్లు చూసుకోవచ్చు. భోజనాలు చెప్పేశాం. బొబ్బట్లు మాత్రం నువ్వే చెయ్యాలి, ఇక్కడ బయట కొంటే పిండి మందం.

మీకు పై గది సర్దాను. బేస్‌మెంట్‌లోకి మాత్రం దిగకు, అంతా చిందరవందరగా ఉంది. ఏం కావాలన్నా నన్నడుగు.

ఆ ఇంటి ముందు నిన్న బోర్డు పెట్టారు. అటువైపు కారు ఆగితే చాలు, కిటికీ దగ్గరికి పరిగెడుతున్నాను. తొందరగా రా.

విజయ


పార్సిప్పనీ
మే 6, 2025

విజయా,

క్షేమంగా చేరాం. ఫంక్షన్ చాలా బాగా జరిగింది. ఆకుపచ్చ పట్టులో హంసికని చూస్తే నాకు కళ్ళు నిండాయి. ఫోటోలు చూసి మీ అన్నయ్య తన సెలక్షన్ గురించి చెబుతూనే ఉన్నాడు.

పక్కింటి సంగతి. నువ్వు చెప్పినదానిలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ చిన్న వంటగదిలో నిలబడి, ఇక్కడ పప్పుల డబ్బాలు, ఇక్కడ గ్రైండర్ అని చేత్తో గాల్లో సర్దుకున్నాను. పై గది చూసి తార ‘ఇక్కడ నెయిల్స్ కొట్టొచ్చా’ అని అడిగింది. ఆ పెద్దావిడ ‘మీ ఇల్లు, మీ ఇష్టం’ అని నవ్వింది. తార నా వైపు చూసిన చూపు నువ్వు చూడలేదు. ఆ క్షణంలో అక్కడికక్కడ కాగితాల మీద సంతకం చెయ్యమంటే చేసేదాన్నే.

ఆ సాయంత్రం హంసిక ‘అత్తయ్యా, ఫోల్డింగ్ కుర్చీలు కిందే పెట్టెయ్యాలట’ అంది. నీ మాట గుర్తుంది, అయినా నువ్వు వీధిలో ఎవర్నో సాగనంపుతున్నావు. రెండు కుర్చీలు పట్టుకుని దిగాను.

విజయా, అట్టపెట్టెల విషయంలో నన్నెవరూ మోసం చెయ్యలేరు. ఖాళీ పెట్టె వేరు, నిండు పెట్టె వేరు. నీ బేస్‌మెంట్‌లో ఉన్నవన్నీ నిండువి. కొత్త టేపు. మీదంతా నీ చేతిరాత. పూజ సామాను, మంచి కంచాలు, హంసిక పుస్తకాలు. మీ పెళ్ళికి మీ అన్నయ్య ఇచ్చిన గోడ గడియారం హాల్లో లేదేమా అనుకున్నాను. అది బబుల్ ర్యాప్‌లో చుట్టి ఒక పెట్టె మీద ఉంది.

నేను పైకి వచ్చి బొబ్బట్లు డబ్బాల్లో సర్దాను. నువ్వు నవ్వుతూ మాట్లాడుతుంటే నేనూ నవ్వుతూ మాట్లాడాను. విమానంలో మాత్రం చాలా బాధపడ్డాను. నేను ఇల్లు కొనాలనుకున్నది ఆ వంటగది కోసం కొంత, నువ్వు పక్కన ఉంటావని ఎక్కువ.

మీరెక్కడికి వెళ్తున్నారు?

ప్రసూన


కమ్మింగ్
మే 15, 2025

వదినా,

నీ ఉత్తరం చదివి బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. నువ్వు తిట్టి ఉంటే ఇంత ఏడుపు వచ్చేది కాదు.

టెక్సాస్ అంటున్నారు. ఉద్యోగం పోయి కాదు, ఎవరూ పొమ్మనీ కాదు. ఆయన ఉద్యోగం ఎక్కడినుంచైనా చేసుకోవచ్చు. ఆయన స్నేహితులు ముగ్గురు అక్కడికి వెళ్ళారు. అక్కడ ఇళ్ళు పెద్దవట, పైకప్పులు ఎత్తట. ఆల్ఫారెట్టా అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు కమ్మింగ్ స్వర్గం అన్నారు. ఇక్కడికి వచ్చాక గరాజ్ చిన్నదన్నారు, తర్వాత వీధి మలుపు బాగాలేదన్నారు. డిసెంబర్‌లో ఒక శనివారం ‘కొద్దికొద్దిగా ప్యాక్ చేస్తూ ఉందాం విజయా, ఎప్పుడైనా కదలొచ్చు’ అన్నారు. నేను సరే అన్నాను. చేశాను కూడా.

నాకు ఇక్కడ బాగుంది వదినా. ఎవరూ నన్నడగలేదు కాబట్టి నేనెవరికీ చెప్పలేదు. సాయంత్రం ఈ వీధిలో నడుస్తుంటే నలుగురు ఆగి పలకరిస్తారు. గోంగూర మడి మూడుసార్లు పాడై నాలుగోసారి నిలబడింది. హంసికకి ఇక్కడ ప్రాణస్నేహితురాలు ఉంది. ఇంతకన్నా నాకేం కావాలో నాకు తెలియదు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఒక్కటే తోచింది. అన్నయ్య పక్కింటికి వస్తే ఈయన ఎక్కడికీ కదలరని. ఈయనకి మా అన్నయ్య అంటే అంత ఇష్టం. నా ఇల్లు నిలబెట్టుకోవడానికి నీ చేత ఇల్లు కొనిపించబోయాను. అది తప్పని తెలిసే చేశాను. నువ్వు ఇక్కడికి వచ్చాక మేం వెళ్ళిపోయి ఉంటే నీ మొహం నేనెలా చూసేదాన్ని.

ఆ ఇల్లు మంచిది. నీకు నచ్చితే కొనుక్కో. నేను పక్కన ఉంటానని మాత్రం మాట ఇవ్వలేను.

కోపం తగ్గాక రాయి. తగ్గకపోయినా రాయి.

విజయ


పార్సిప్పనీ
జూన్ 22, 2025

విజయా,

కోపం ఒక పూట ఉంది. ఆ పూట వండిన సాంబారులో ఉప్పు రెండుసార్లు పడింది. దానితో సరి.

ఆ రాత్రి భోజనాల దగ్గర మీ అన్నయ్యకి అంతా చెప్పేశాను. ఉత్తరాలు, పక్కిల్లు, నీ టెక్సాస్, అన్నీ. తను ఆ సాంబారు మారు మాట్లాడకుండా తిని, ‘ఇంత జరిగిందా, నన్ను కూడా తీసుకెళ్ళుండాల్సింది కదా ఇల్లు చూడ్డానికి’ అన్నాడు. గ్రీన్ కార్డ్ ఊసే ఎత్తలేదు. ‘నీకు కావాలంటే కొందాం ప్రసూనా’ అన్నాడు. నేను పోట్లాటకి సిద్ధమై కూర్చున్నాను. పోట్లాట లేకపోయేసరికి, నాకు నిజంగా ఏం కావాలో ఆలోచించాల్సి వచ్చింది.

ఆ వారమంతా ఆలోచించాను. ఒకరోజు మధ్యాహ్నం పడుకుంటే నిద్ర పట్టలేదు. ఎందుకా అనుకుంటే, పైన చప్పుడు లేదు. మెట్ల మీద దేదీప్య కనిపిస్తే ‘ఏమ్మా, డాన్స్ మానేశావా’ అన్నాను. ‘లేదు ఆంటీ, మీకు డిస్టర్బ్ అని స్లోగా చేస్తున్నా’ అంది. విజయా, నాకు సిగ్గేసింది. కార్పెట్ తీసెయ్యమన్నాను. జతి చివర నీ తీర్మానం ఎప్పుడూ ఒక అడుగు ముందే అయిపోతుంది, చూసుకో అని కూడా చెప్పాను. ఆ పిల్ల నోరు తెరిచింది. ఇన్నేళ్ళు కింద పడుకుని వింటే ఆ మాత్రం రాదా.

ఇక్కడికి వచ్చిన మొదటి రోజు గుర్తొచ్చింది. మన ఊళ్ళో అద్దె ఇంట్లో దిగినా పాలు పొంగిస్తాం కదా. మూడు నెలలకి పాలెందుకని ఆ రోజు మైక్రోవేవ్‌లో గ్లాసు పాలు వెచ్చబెట్టి తారకి పట్టాం. అంతే. ఆ తర్వాత పొంగించనే లేదు. ఈ ఇల్లు నాకు నచ్చలేదని నీకు పేజీలు పేజీలు రాశాను గాని, ఈ ఇంట్లో నేను కాపురం పెట్టిందెప్పుడు? రైలు కోసం కూర్చున్నట్టు కూర్చున్నాను. తార ఆ బెంచీ మీదే పెరిగి పెద్దదైంది.

అందుకని మీ పక్కింటి ఆవిడకి ఫోన్ చేసి వద్దని చెప్పాను. బాధ లేదు. సొంత ఇల్లు ఎప్పుడో కొంటాం, బహుశా ఇక్కడే ఎక్కడో. అప్పటిదాకా ఇదే ఇల్లు.

తార గదిలో ఒక మేకు కొట్టాను. నేనే కొట్టాను, వంకరగా దిగింది. ఆ బొమ్మ ఏమిటో ఇప్పుడు చూశాను. మా బిల్డింగే. కింద కిటికీలో తువ్వాలు విసురుతున్న వాళ్ళ నాన్న, పై కిటికీలో దేదీప్య. దాని ఇల్లు దానికి ఎప్పుడో తెలుసు, మాకే తెలియదు.

జూలై పన్నెండు శనివారం పాలు పొంగిస్తున్నాం. అత్తయ్యగారు ఫోన్‌లో ‘ఇన్నేళ్ళ తర్వాత ఇదేం గృహప్రవేశమే’ అని నవ్వారు. నవ్వనీ. మీరు ముగ్గురూ రావాలి. అన్నయ్యగారిని మీ అన్నయ్య ప్రత్యేకంగా పిలుస్తున్నాడు. అలమర ఖాళీ చెయ్యడానికి ఇంకో మనిషి కావాలట.

ఒక మాట. నిన్నెవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదన్నావు. ఇప్పుడు నేను అడుగుతున్నాను. నీకు ఎక్కడుండాలని ఉంది? నాకు చెప్పేశావు. చెప్పాల్సింది ఇంకొకరికి.

నీ వదిన


కమ్మింగ్
జూలై 20, 2025

వదినా,

ఆ శనివారం నువ్వు వంటింట్లో ఉన్నావు కాబట్టి నీకు తెలియనిది చెబుతాను.

పాలు పొంగాక, నువ్వు పులిహోర పోపు వేసి అలారం మోగించాక, దేదీప్య ‘ఆంటీ, ఆర్ యూ ఓకే’ అంటూ గజ్జెలతోనే దిగి వచ్చాక, అన్నయ్యా ఈయనా అట్టపెట్టెలు మోసుకుంటూ కిందికి వెళ్ళారు కదా. నేను ప్రసాదం ఇద్దామని వెనకే వెళ్ళాను. చెత్త డబ్బాల దగ్గర ఈయన ఒక పెద్ద పెట్టె పట్టుకుని నిలబడ్డారు.

‘బావా, ఈ టీవీ ఎక్కడుంది?’

‘పోయింది బావా. ఎప్పుడో.’

‘మరి పెట్టె ఎందుకు?’

‘మూవ్ అయినప్పుడు కావాలి కదా అని.’

‘ఎక్కడికి మూవ్ అవుదామనుకున్నారు?’

అన్నయ్య కాసేపు నిజంగానే ఆలోచించాడు. ‘అదే తెలీదు బావా’ అన్నాడు.

ఈయన పెద్దగా నవ్వారు. అన్నయ్యా నవ్వాడు. తర్వాత ఈయన నవ్వు ఆపేసి ఆ పెట్టెని చాలా జాగ్రత్తగా చదును చేసి, మిగతావాటి పక్కన పెట్టారు. నేను ప్రసాదం గిన్నెతో వెనక్కి వచ్చేశాను.

తిరుగు ప్రయాణంలో కారు వర్జీనియా దాటింది. హంసిక వెనక సీట్‌లో నిద్రపోయింది. నువ్వు అడిగిన ప్రశ్న నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చివరికి, ‘నాకు టెక్సాస్ రావాలని లేదండీ’ అన్నాను.

‘ఈ మాట ముందే చెప్పొచ్చు కదా’ అన్నారు.

‘ఇప్పుడు చెబుతున్నాను కదా. నాకు కమ్మింగ్‌లోనే బాగుంది.’

‘మరి ప్యాకింగ్ అంత శ్రద్ధగా చేశావేం?’

‘మీరు చెయ్యమన్నారు.’

ఆయన రోడ్డు చూస్తూ తలూపారు. మిగతా దారంతా ఏం తేలుతుందో తెలియక నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. భయంగానే ఉంది. కాని చెప్పేశాను కాబట్టి తేలిగ్గానూ ఉంది.

ఇంటికి వచ్చి సామాను దించాక ఆయన స్నానం కూడా చెయ్యకుండా బేస్‌మెంట్‌లోకి దిగారు. నేను వంటింట్లో కాఫీకి పాలు పెట్టాను. కింద నుంచి టేపు కోస్తున్న చప్పుడు వచ్చింది. ఒకటి కాదు, వరసగా. తర్వాత మెట్లెక్కి వచ్చారు, చేతిలో అన్నయ్య ఇచ్చిన గోడ గడియారం. హాల్లో పాత మేకు అలాగే ఉంది. దానికి తగిలించి, వెనక్కి జరిగి, వంకరగా ఉందా అని నన్నడిగారు.

కొంచెం ఎడమవైపుకి అన్నాను. నా వెనక పాలు పొంగుతున్నాయి. ఈసారి స్టౌ ఆపడానికి తొందరపడలేదు.

నీ విజయ